మా ఆయన విన్న ఎండాకాలం

పెళ్ళయినప్పటి నుంచీ నేను చెబుతూనే ఉన్నాను, మా ఆయన ఫోన్లోకి చూస్తూ "ఊఁ" కొడుతూనే ఉన్నారు. ఆ "ఊఁ" వెనకాల ఏమీ లేదని నాకు తెలుసు. ఉన్నట్టు ఆయన నటించేవారు, నమ్మినట్టు నేను నటించేదాన్ని, కాపురం బాగానే సాగిపోయింది. అలాంటి మనిషి జూన్‌లో ఒక సాయంత్రం నేను డ్యూటీ దిగి ఇంటికి రాగానే లాప్‌టాప్ మూసేసి, టీ పెట్టి, కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు.

"చెప్పు గిరిజా, ఇవాళ వార్డులో ఏం జరిగింది?"

కాకినాడలో మావాళ్ళ నుంచి ఏదో చెడు కబురు వచ్చి ఉంటుంది, నెమ్మదిగా చెప్పడానికి దారి చేసుకుంటున్నారు అనుకున్నాను.

"ఏమైందండీ? ఎవరికైనా బాగోలేదా?"

"ఎవరికీ ఏం కాలేదు. ఊరికే అడుగుతున్నాను. పెళ్ళాన్ని అడక్కూడదా?"

మా ఉజ్వల వంటింటి అలమర తలుపు తీసి బిస్కెట్లు వెతుక్కుంటోంది. దానికి తెలుగంతా అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం ఈ ఊరి యాసలో, ఇంగ్లీషులో వస్తుంది. వాళ్ళ నాన్న వైపు వింతగా చూసి, "డాడ్, ఆర్ యూ ఓకే?" అంది. ఇంట్లో అందరిదీ ఒకటే అనుమానం.

మేముండేది డబ్లిన్‌లో, బ్లాంచర్డ్స్‌టౌన్ వైపు. నేను నర్సుని. హాస్పిటల్ పేరు చెప్పను, నా ఉద్యోగం ఇంకా అక్కడే ఉంది. మా ఆయన శేషగిరిది శాండీఫోర్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కంపెనీల్లో పనిచేసేవాళ్ళకి ఆన్‌లైన్ పాఠాలు తయారుచేసే చిన్న సంస్థ వాళ్ళది. మంటలొస్తే ఏం చేయాలి, పాస్‌వర్డ్ ఎవరికీ ఎందుకు చెప్పకూడదు, ఇలాంటివన్నమాట. బొమ్మలుంటాయి, ఒక కథ ఉంటుంది, చివర నాలుగు జవాబులిచ్చి సరైనది నొక్కమంటారు. మా హాస్పిటల్లోనూ అలాంటివి చేయిస్తారు. మేం నర్సులం వాటిని చదవకుండా "నెక్స్ట్, నెక్స్ట్" అని నొక్కుకుంటూ పోతామని ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. మొగుడు చేసే పని మీద ఆ మాత్రం గౌరవం ఉండాలి కదా.

ఆ ఎండాకాలం వాళ్ళ సంస్థని ఇంకెవరో కొనుక్కున్నారు. మనుషుల్ని తీసేస్తున్నారు. "ఒక పెద్ద క్లయింటు దొరికాడు, ఈ కోర్సు బాగా వస్తే మా టీముకి ఢోకా ఉండదు" అన్నారాయన. అంతకు ముందు చేసింది ఒక బ్యాంకుకి. ఇదీ బ్యాంకుదే అనుకున్నాను. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

నా బెంగ నాకుంది. మా వార్డు మేనేజరు డీర్‌డ్రా కింద డిప్యూటీ పోస్టు ఖాళీ అయింది. చలికాలం నుంచీ ఆ పని చేస్తున్నది నేనే. రోస్టరు వేసేది నేను, కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పేది నేను, బెడ్లు లేవని ఫోన్లో మాటలు పడేది నేను. పేరు మాత్రం నాది కాదు. సెప్టెంబరులో ఇంటర్వ్యూ అన్నారు. ఆ పోస్టు నాకు కావాలి. ఇన్నేళ్ళలో నా తర్వాత వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే పైకి వెళ్తుంటే కేకు ముక్క తిని చప్పట్లు కొట్టాను, ఇంక కొట్టే ఓపిక లేదు. అందుకే వార్డులో ఎవరేమన్నా నవ్వి ఊరుకునేదాన్ని. గొడవ మనిషని పేరు పడితే ఇక్కడ ఎవరూ ముఖం మీద అనరు, ఇంటర్వ్యూ అయ్యాక తెలుస్తుంది.

కాబట్టి కడుపులో మాట చెప్పుకోవడానికి నాకున్నది వంటింటి బల్ల ఒక్కటే. అక్కడ ఇన్నాళ్ళకి వినే మనిషి దొరికాడు.

మొదట చిన్న చిన్నవే చెప్పాను. డాక్టరు వచ్చి రోగి సంగతంతా నా పక్కన నిలబడ్డ ఐరిష్ స్టూడెంటు పిల్లకి వివరంగా చెప్పి వెళ్ళిపోయాడు, వార్డు చూస్తున్నది నేనైనా. ఆ పిల్ల పాపం ఎర్రబడి, ఆయన వెళ్ళాక అంతా నాకు మళ్ళీ చెప్పింది. ఒకావిడ తన భోజనం ట్రే నా చేతిలో పెట్టి, "నర్సు ఎప్పుడొస్తుందమ్మా?" అని అడిగింది, అప్పటికి ఆవిడ చేతికి సెలైన్ పెట్టింది నేనే.

"వాళ్ళన్న మాటలే చెప్పు," అనేవారు మా ఆయన. "నీ మాటల్లో కాదు. వాళ్ళెలా అన్నారో అలాగే."

"అంత అవసరమా?"

"అప్పుడే కదా నాకు అర్థమయ్యేది."

కిల్కెన్నీలో ఉండే లోహిత, నేను కలిసి నర్సింగు చదువుకున్నాం. ఫోన్లో దానికి చెప్పాను, మా ఆయన వింటున్నారే అని.

"వినడమేంటే? మందేమైనా పెట్టావా?"

"మనం పెట్టే మందులు ఆ రకం కావు కదే."

"బీపీ ఒకసారి చూడు. ఏ జబ్బో కనుక్కుని మా ఇంటికి కూడా కొంచెం అంటించు, నీకు పుణ్యముంటుంది."

జూలైలో మిసెస్ కీహో వచ్చింది. ఎనభై దాటిన మనిషి, తుంటి ఎముక విరిగింది. మెత్తని గొంతు, ప్రతి మాటకీ ముందో ప్లీజ్, వెనకో థాంక్యూ. నేను మందులు తీసుకుని మంచం దగ్గరికి వెళ్ళగానే తన గోధుమ రంగు హ్యాండ్‌బ్యాగుని మెల్లగా దుప్పటి కిందకి జరుపుకునేది. దాని క్లిప్పు ఊడిపోతే పసుపుపచ్చ రబ్బరు బ్యాండు చుట్టి పెట్టుకుంది. అందులో పుదీనా బిళ్ళలు, జపమాల, కళ్ళజోడు తప్ప ఏమీ లేవు. ఒకసారి ఆవిడ నిద్రలో ఉండగా అది జారి కిందపడితే అన్నీ ఏరి లోపల పెట్టింది నేనే. వేరే ఎవరు వెళ్ళినా ఆ బ్యాగు దుప్పటి మీదే ఉండేది.

కొన్నాళ్ళకి, మాత్రలు ఇంకో అమ్మాయి చూసి ఇస్తేనే వేసుకుంటానంది. డీర్‌డ్రాకి చెప్పాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది.

"పాత కాలం మనిషి, పట్టించుకోకు డియర్. ఆ వైపు మంచాలు నేను చూసుకుంటాను, నువ్వు ఇటు వైపు చూడు. నీకే సుఖం."

నా వార్డులో సగం నాకు లేకుండా పోయింది, అదీ నా సుఖం కోసం. కానీ మందుల బండి తోసుకుంటూ రోజూ ఆ మంచం దాటక తప్పదు.

ఇది చెప్పిన రోజు మా ఆయన బెండకాయలు కోస్తున్నారు. చేతిలో ఉన్న కాయ చివరిదాకా కోశారు. తర్వాత కత్తి పక్కన పెట్టి అడిగారు.

"ఆవిడ బ్యాగు దాచుకుంటుంటే నువ్వేం చేసేదానివి?"

"ఏం చేస్తాను? నా పని చేసుకుపోయేదాన్ని."

"అది కాదు. ఆ మంచం పక్కనుంచి వెళ్ళేటప్పుడు నీ చేతులు ఎక్కడ పెట్టుకునేదానివి?"

అలాంటి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. ఏడుపొచ్చేసింది. ఎందుకంటే ఆ సంగతి అప్పటిదాకా నాకు నేను కూడా చెప్పుకోలేదు. ఆ మంచం దగ్గరికి రాగానే రెండు చేతులూ ముందుకు పెట్టి, ఖాళీ అరచేతులు ఆవిడకి కనబడేలా నడిచేదాన్ని. వార్డు నడిపే మనిషిని, దొంగని కాదని చూపించుకుంటూ పోయేదాన్ని.

"ఇలాగండీ," అని లేచి, సింకు దగ్గర నుంచి ఫ్రిజ్ దాకా నడిచి చూపించాను. మా ఆయన కళ్ళు తుడుచుకున్నారు. కోస్తున్నది ఉల్లిపాయలు కాదు, బెండకాయలేనని నాకు బాగా గుర్తు.

"డీర్‌డ్రాతో గట్టిగా మాట్లాడనా?" అని అడిగాను.

"ఇంటర్వ్యూ అయ్యేదాకా ఆగు. ఇప్పుడు ఎవరికీ చెప్పకు. నాకు చెప్పావుగా."

ఆగస్టులో సాయంత్రాలు పొద్దు కుంకేదే కాదు. అన్నాలు తిని ఇద్దరం ఇంటి పక్క పార్కులో నడిచేవాళ్ళం. ఒకరోజు అడిగారు, "డీర్‌డ్రా నీకెప్పుడూ మంచి చెయ్యలేదా? ఏదో ఒకటి ఉంటుంది కదా, గుర్తు చేసుకో."

"ఎందుకు లేదు? ఉజ్వల పుట్టినప్పుడు తనే స్వెటరు అల్లి తెచ్చింది. నిమ్మపండు రంగుది."

"చూశావా. చెడ్డ మనిషి కాదన్నమాట."

నా కోపాన్ని కూడా సర్ది మంచి వైపు చూపిస్తున్నారు అనుకున్నాను. ఆ ఎండాకాలం నేను మా ఆయన్ని కొత్తగా ప్రేమించాను. గుత్తివంకాయ వండాను, ఆయన చొక్కాలు ఇస్త్రీ చేశాను, నడుస్తూ చెయ్యి పట్టుకున్నాను. ఈ మాట ఇప్పుడు రాయాలంటే సిగ్గుగా ఉంది, ఒళ్ళు మండుతోంది కూడా.

సెప్టెంబరు మొదట్లో హాస్పిటల్లో అందరికీ తప్పనిసరి క్లాసు పెట్టారు. విషయం మైక్రోఅగ్రెషన్స్. అంటే రంగూ జాతీ చూసి, తెలిసో తెలియకో, నవ్వు ముఖంతోనే చేసే చిన్న చిన్న అవమానాలు. వాటిని గుర్తుపట్టడం నేర్పుతారట. పడేవాళ్ళకి ఆ విద్య ముందే వచ్చు గానీ, మేమూ రావాల్సిందే అన్నారు. మా వార్డు వాళ్ళందరం ఒక గదిలో కూర్చున్నాం. నా పక్క కుర్చీలో డీర్‌డ్రా. గళ్ళ కోటు వేసుకున్న ట్రైనరు తెర మీద పాఠం వేశాడు. ప్రశ్న వచ్చినప్పుడు ఎవరి ఫోన్లో వాళ్ళు జవాబు నొక్కాలి. ఎవరు ఏది నొక్కారో తెలియదు, ఏ జవాబుకి ఎంతమందో తెర మీద పడుతుంది.

ఒక బొమ్మ నర్సు వచ్చింది. పేరు అనిత. నా రంగు, నా జడ, కాకపోతే నాకంటే సన్నం. డాక్టరు ఆమెను వదిలేసి స్టూడెంటుకి అంతా చెప్పి వెళ్ళిపోయాడు. ఇది అందరికీ జరిగేదే కదా అనుకున్నాను. తర్వాత మంచం మీద ఒక ముసలావిడ వచ్చింది. ఆవిడ ఒళ్ళో గోధుమ రంగు హ్యాండ్‌బ్యాగు, దానికి పసుపుపచ్చ రబ్బరు బ్యాండు.

తెర మూలన ఒక చిన్న ఆకుపచ్చ గుర్తుంది. మా ఆయన టీ తాగే ఆఫీసు కప్పు మీద ఉన్నదే అది.

కథ నడుస్తోంది. అనిత మేనేజరు చాలా మంచిదట, అనితకి పాప పుట్టినప్పుడు స్వెటరు అల్లిందట. ఆ మేనేజరు బొమ్మ అనిత భుజం మీద చెయ్యి వేసి, "నీకే సుఖం" అంది. నా పక్కన డీర్‌డ్రా కుర్చీలో నిటారుగా సర్దుకుంది.

"అనిత ఇప్పుడు ఏం చేయాలి?" అని ప్రశ్న వచ్చింది. రోగితో వాదించాలా, సెలవు పెట్టి ఇంటికి పోవాలా, రెండు చేతులూ రోగికి కనబడేలా పెట్టుకుని నడవాలా? నాలుగోది కాస్త పొడుగ్గా ఉంది. మేనేజరు దగ్గరికి వెళ్ళి చిరునవ్వుతో, "నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది. మీ ఉద్దేశం మంచిదేనని నాకు తెలుసు" అని చెప్పాలట.

మూడో జవాబు చదివి గదిలో నవ్వారు. కొత్తగా చేరిన హెల్త్‌కేర్ అసిస్టెంటు ఒకామె, మంచి మనిషే, "అలా ఎవరు చేస్తారు?" అంది.

నేను మూడు నొక్కాను. అలా చేసిన మనిషి ఒకతి ఉందని ఆ తెరకైనా తెలియాలనిపించింది. అందరూ నాలుగు, ఒక్కరు మాత్రం మూడు. మూడు పక్కన ఎర్ర గుర్తు పడింది. "తప్పు. అనిత తనను తాను తక్కువ చేసుకుంటోంది. మళ్ళీ ప్రయత్నించండి." నాలుగు పక్కన ఆకుపచ్చ టిక్కు పడింది, కథ అక్కడితో అయిపోయింది. అనిత అలా అన్నాక మేనేజరు ఏమందో చూపించలేదు.

"ఒకరున్నారే!" అని ట్రైనరు నవ్వాడు. "ఏం పర్లేదు, నేర్చుకోవడానికే కదా వచ్చాం."

డీర్‌డ్రా నవ్వలేదు. నా వైపు చూడలేదు కూడా.

ఇంటికొచ్చేసరికి మా ఆయన చపాతీ పిండి కలుపుతున్నారు. బల్ల మీద టీ ఉంది, నా కుర్చీ లాగి పెట్టి ఉంది.

"ఎలా గడిచింది?"

"అనితని చూసొచ్చాను."

ఆయన చేతులు పిండిలోనే ఆగిపోయాయి.

"మీ దగ్గరికి అప్పుడే వచ్చేసిందా? వచ్చే నెల అన్నారే!"

అదీ మా ఆయన నోటివెంట వచ్చిన మొదటి మాట.

"ఆ రబ్బరు బ్యాండు కూడా వదల్లేదే మీరు."

"అలాంటివి ఉంటేనే కదా గిరిజా నిజంలా ఉండేది. రివ్యూలో అందరూ మెచ్చుకున్నది దాన్నే. నీ పేరు పెట్టలేదు, ఊరు పెట్టలేదు. ఎవరికి తెలుస్తుంది?"

"డీర్‌డ్రాకి తెలిసింది."

ఆయన మళ్ళీ పిండి కలపడం మొదలుపెట్టారు.

"నా చేతులు తప్పు జవాబాండీ?"

"నేను మొదట వేరేగా రాశాను. క్లయింటు ఒప్పుకోలేదు. మేనేజరు చెడ్డదిలా కనబడకూడదన్నారు, నర్సు కోపంగా ఉండకూడదన్నారు. తప్పు జవాబులు కూడా నమ్మేట్టుండాలన్నారు. వాళ్ళు చెప్పినట్టు మార్చాను."

"ఆ నాలుగోది ఎవరు రాశారు?"

"నేనే."

"అది ఎప్పుడైనా ఎవరితోనైనా అని చూశారా?"

"ఏంటి గిరిజా, అలా అంటావు? నువ్వు పడింది గాలికి పోకుండా వేలమంది చూస్తున్నారు, నేర్చుకుంటున్నారు. మా టీములో సగం మందిని పంపేశారు, నేను ఉన్నాను. నీకొచ్చిన నష్టమేంటి చెప్పు?"

"నన్నొక మాట అడగాల్సింది."

"అడిగితే నువ్వు చెప్పేదానివా?"

చెప్పేదాన్ని కాదు. అది నిజం కాబట్టే ఇంకా మండింది. ఆయన కళ్ళు తుడుచుకోవడం నటన కాదని నాకు తెలుసు. కళ్ళు తుడుచుకున్న చేతులతోనే మర్నాడు ఆఫీసులో కూర్చుని అదంతా టైపు చేశారు. ఆ బల్ల దగ్గర నేను మొగుడితో మాట్లాడుతున్నాననుకున్నాను, క్లయింటు పనికి సరుకు అందిస్తున్నానని తెలియలేదు.

మెట్ల మీద ఉజ్వల నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది. "దట్స్ నాట్ ఫెయిర్, డాడ్," అంది.

"నువ్వు పైకెళ్ళి చదువుకో," అన్నారాయన.

ఆ తర్వాత రోజూ "ఎలా గడిచింది?" అనే అడిగారు. "గ్రాండ్" అనే చెప్పాను, అంటే ఇక్కడి వాడుకలో బాగానే ఉందని. ఈ దేశంలో ఆ ఒక్క మాట నేర్చుకుంటే ఇంకేమీ చెప్పక్కర్లేదు.

నిజానికి ఏమీ గ్రాండ్‌గా లేదు. మందుల గదిలో డీర్‌డ్రా నన్ను ఆపింది. కళ్ళ నిండా నీళ్ళు.

"నాతో చెప్పొచ్చుగా. మనం స్నేహితులం అనుకున్నాను. ఆ స్వెటరు సంగతి కూడానా? అందరి ముందు నన్ను అలా చూపిస్తావా?"

"అది నేను పెట్టించలేదు డీర్‌డ్రా. నాకు తెలియనే తెలియదు."

"మరి వాళ్ళకెలా తెలిసింది?"

మా ఆయన అని చెప్పడానికి నోరు రాలేదు. ఇంట్లో మనిషే పెళ్ళానికి తెలియకుండా పెళ్ళాం కథ రాసుకున్నాడంటే నమ్మేదెవరు? ఊరుకున్నాను. ఊరుకోవడాన్ని ఆమె ఒప్పుకోవడం అనుకుంది. టీ బ్రేకులో నలుగురు ఆమె చుట్టూ చేరి వీపు నిమిరారు. నేను స్టాఫ్ రూములోకి వెళ్తే మాటలు ఆగిపోయి, మళ్ళీ వాన గురించి మొదలయ్యేవి. నా వీపు నిమరాలని ఎవరికీ తోచలేదు.

ఇంటర్వ్యూ బాగానే చేశాను. పోస్టు నేను పని నేర్పిన అమ్మాయికి వచ్చింది. పై మేనేజరు నన్ను పిలిచి కాఫీ ఇచ్చింది.

"నీ పనికి వంక పెట్టడానికి లేదు. టీములో నమ్మకం పెంచుకోవడం మీద కొంచెం దృష్టి పెట్టాలి. ఏమైనా ఇబ్బందులుంటే సరైన దారిలో మా దగ్గరికి తేవాలి." అక్కడిదాకా బల్ల వైపు చూస్తూ మాట్లాడిన మనిషి తలెత్తి సంతోషంగా నవ్వింది. "ఇంకో మాట. ఆ కొత్త కోర్సు నేర్పడానికి ప్రతి వార్డు నుంచీ ఒకరు కావాలి. నీకంటే తగినవాళ్ళు ఎవరున్నారు చెప్పు?"

ఛాంపియన్ అంటారట ఆ పనిని. జీతం పెరగదు గానీ బ్యాడ్జి ఇస్తారట.

ఆ సాయంత్రం మా ఆయన ఎప్పటిలాగే టీ పెట్టి ఎదురుగా కూర్చున్నారు. ఆ గొడవ తర్వాత చాలా జాగ్రత్తగా ఉంటున్నారు. లాప్‌టాప్ వంటింట్లోకి తేవడం లేదు.

"ఏమన్నారు?"

"నాకు రాలేదు."

"అయ్యో! కారణం ఏం చెప్పారు? వాళ్ళన్న మాటలే చెప్పు."

అలవాటుగా వచ్చేసింది. అన్నాక ఆయన చెవికీ వినబడినట్టుంది, నాలుక కరుచుకున్నారు.

"గిరిజా, నా మీద కోపంగా ఉంటే తిట్టు. ఏదో ఒకటి అను. ఇలా ఉండకు."

నేను కప్పు కింద పెట్టాను. రెండు చేతులూ బల్ల మీద ఆయనకి కనబడేలా పెట్టి, ముఖాన చిరునవ్వు తెచ్చుకున్నాను. తెర మీద ఎలా ఉందో అలాగే, ఇంగ్లీషులోనే, ఒక్క మాట మార్చకుండా అన్నాను.

"నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది. మీ ఉద్దేశం మంచిదేనని నాకు తెలుసు."

మా ఆయన నా చేతుల వైపే చూశారు. నేను చెప్పింది సరైన జవాబే. అది విన్న మనిషి తిరిగి ఏమనాలో ఆయన రాయలేదు.